మరమ్మతుల తారీఖ్

రహదారి, మజిలీ, రవాణా, కిరాయి, మరమ్మతు. ఈ అయిదు మాటలూ మనం రోజూ వాడేవే. అయిదూ ఫార్సీ, అరబీల నుంచి వచ్చి మన నోట స్థిరపడినవే. రాహ్ అంటే దారి. రాహ్‌దారీ అంటే ఒకప్పుడు ఆ దారిన సరుకు దాటించడానికి కట్టే సుంకం, అది కట్టినందుకు ఇచ్చే పరవానా. సుంకం మాట మరిచిపోయి మనం దారినే రహదారి అన్నాం. మంజిల్ మజిలీ అయింది. రవానా రవాణా అయింది. మరమ్మత్ చివర ఒక ఉకారం తగిలించుకుని మరమ్మతు అయింది. మా సిక్కోలు కుతుబ్‌షాహీ ఫౌజ్‌దారుల కింద ఉన్న నేల, తర్వాత చికాకోల్ సర్కారు అనిపించుకున్న నేల. ఆ జమానా నిశానీగా శ్రీకాకుళంలో 1641 నాటి జామియా మస్జిద్ ఇంకా నిలబడి ఉంది. మస్జిద్ రాతితో నిలబడితే, మాటలు మనుషుల నోళ్ళలో నిలబడ్డాయి.

ఈసారి రాస్తున్నది రాజుల గురించీ కోటల గురించీ కాదు దోస్తులారా. జపాన్ బండ్ల గురించి. ఈ రహదారి మీద ఒక రాత్రి చేసిన సఫర్ గురించి. కానీ పై అయిదు మాటలూ దారి పొడుగునా తగులుతూనే ఉంటాయి, ముఖ్యంగా ఆ చివరిది.

టోక్యోలో ఇప్పుడొక కొత్త రకం సైర్ నడుస్తోంది. రాత్రి పూట ఒక గైడు మిమ్మల్ని పాత స్పోర్ట్స్ కారులో పక్క సీట్లో కూర్చోబెట్టుకుని షుతో ఎక్స్‌ప్రెస్‌వే మీద తిప్పుతాడు. మేడల మధ్య నుంచి మెలికలు తిరిగే ఎత్తు రోడ్లు అవి. వాటి మొదటి ముక్క 1962 డిసెంబరులో తెరిచారు, 1964 ఒలింపిక్స్ ముందర ఆ హడావిడిలో మిగతావి లేచాయి. తిప్పి తిప్పి చివరికి యోకొహామా దగ్గర దైకోకు అనే పార్కింగ్ స్థలానికి తీసుకెళ్తాడు. సముద్రాన్ని పూడ్చి చేసిన నేల అది. 1989లో బే బ్రిడ్జి తెరిచినప్పుడు అదీ తెరుచుకుంది. పదహారేళ్ళ విరామం తర్వాత నిస్సాన్ కంపెనీ స్కైలైన్ జీటీ-ఆర్ కారును మళ్ళీ తెచ్చింది కూడా ఆ ఏడాదే. శని, ఆదివారాల రాత్రుళ్ళు అక్కడ షౌకీన్లు బానెట్లు ఎత్తి పెట్టుకుని నిలబడతారు. జనం మరీ పెరిగితే పోలీసులు వచ్చి మూసేస్తారు. ఇప్పుడు దాన్ని చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ వస్తున్నారు.

అక్కడ సాఫ్ట్‌వేర్ నౌకరీ చేస్తున్న మా మేనల్లుడు ఆ సైర్‌కి వెళ్ళి నాకు వీడియోలు పంపాడు. “మామూజాన్, మన దగ్గర ఇలాంటి కల్చర్ లేదు కదా” అన్నాడు. జపాన్‌లో లాగే మన దగ్గరా బండి ఎడమవైపే నడుస్తుంది, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది. అయినా వాళ్ళ పాత కార్లు పాకిస్తాన్‌కి, శ్రీలంకకి, బంగ్లాదేశ్‌కి ఓడల కొద్దీ పోతాయి గానీ మనకు రావు. మూడేళ్ళు దాటిన పాత కారును దిగుమతి చేసుకోనివ్వరు, దాటనిదైనా కారు ధరను మించిన సుంకం పడుతుంది. అందుకని విశాఖలోనో విజయనగరంలోనో స్కైలైన్ కనిపించదు. మా వాడి మాట పైకి సబబుగానే ఉంది. కానీ కార్లు రాకపోయినా ఇంజిన్లు వచ్చాయి, హునర్ వచ్చింది, దాని చుట్టూ ఒక బతుకు వచ్చింది. దాన్ని చూపించే గైడు కూడా ఉన్నాడు.

ఆయన విజయనగరంలో మెకానిక్. డెబ్బై దాటాయి. పేరు రాయొద్దన్నారు కాబట్టి ఉస్తాద్ అంటాను. పాత జపాన్ బండ్లు కొని బాగుచేసుకునే కుర్రాళ్ళు కొందరు ఆయన షెడ్డు చుట్టూ తిరుగుతుంటారు. “బాబాయ్ గారూ, మీరు బతికిన రోడ్డు మాకోసారి చూపించండి” అని పట్టుబట్టారు. నేను పాత సంగతులు రాస్తానని తెలిసి నన్నూ రమ్మన్నారు. మొన్న జనవరిలో ఒక చలి రాత్రి, ఇషా నమాజు అయ్యాక ఏడు బండ్లు బయలుదేరాయి. రెండు మారుతీ 800లు, ఒక ఓమ్ని వ్యాను, రెండు జిప్సీలు, ఒక క్వాలిస్, ఇసుజు ఇంజినున్న ఒక కాంటెస్సా. ఉస్తాద్ ఓమ్నిలో ముందు కూర్చున్నారు. పక్కన నేను.

బయలుదేరే ముందు మూడు షరతులు పెట్టారు. అరవై దాటకూడదు. ఒకళ్ళనొకళ్ళు దాటకూడదు. ఆయన ఆపమన్న చోట ఆపి, ఇంజిన్ కట్టేసి, చెప్పింది వినాలి. కుర్రాళ్ళ మొహాలు కాస్త చిన్నబోయాయి గానీ ఎవరూ కాదనలేదు.

మొదటి మజిలీ నేనూహించని చోట పెట్టారు. హైవే వైపు కాకుండా వెనక్కి, కొత్తవలసకు తీసుకెళ్ళారు. రైలు పట్టాల పక్కన ఆపించి, “జపాన్ కత ఇక్కడ మొదలవుతాది” అన్నారు.

మా ముందు తరాలకు జపాన్ మొదట ఆకాశంలోంచి తెలిసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ హార్బరు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ ఊరు ఊరంతా సామాన్లు కట్టుకుని విజయనగరం వైపూ పల్లెల వైపూ పారిపోయి వచ్చింది. ఉస్తాద్ వాళ్ళ దాదీ ఆ వలసలోనే ఈ వైపు వచ్చారట. ఇంట్లో పిల్లలు అల్లరి చేస్తే “జపానోడొస్తాడు” అని భయపెట్టేవారట.

ఇరవై ఏళ్ళు తిరగకుండానే అదే జపాన్ ఖరీదుదారుగా వచ్చింది. 1960లో బైలదిల్లా కొండల ఇనుప రాయి కోసం జపాన్ ఉక్కు మిల్లులతో మన సర్కారు ఒప్పందం చేసుకుంది. ఆ రాయిని సముద్రానికి చేర్చడానికి కిరండూల్ నుంచి అనంతగిరి కొండల్లో సొరంగాలు తొలిచి, వంతెనలు కట్టి, కొత్తవలస దాకా రైలు మార్గం వేశారు. అందులో జపాన్ సాయం ఉంది. అప్పటికి విజయనగరం జిల్లాయే లేదు. అది 1979 జూన్ 1న ఏర్పడింది. పెద్ద ఓడలు నిలబడటానికి విశాఖలో ఔటర్ హార్బరు 1976లో వచ్చింది. కొండ నుంచి పట్టాల మీదుగా రేవుకి, రేవు నుంచి జపాన్ కొలిమికి ఏళ్ళ తరబడి మన ఇనుము పోయింది. ఆ కొలిమిలో కరిగి వంతెన అయిందో, ఓడ అయిందో, కారు అయిందో ఎవరు గవాహీ ఇస్తారు? అంత దూరం నేను పోను. కానీ జపాన్‌లో కార్ల తయారీ జోరందుకున్న ఆ రోజుల్లోనే ఈ పట్టాల మీద గూడ్సుబళ్ళు నడిచాయన్నది హకీకత్.

“రాయి పోయింది. ఇరవై ఏళ్ళకి బండొచ్చింది” అన్నారు ఉస్తాద్. అంతే. ఇంజిన్లు వేసుకోమన్నారు.

రెండో మజిలీ విజయనగరంలో ఆయన షెడ్డే. రేకుల కప్పు, నల్లబడిన నేల, గోడ మీద మేకులకు వేలాడే స్పానర్లు. గోడకు ఒక పక్క నిస్సాన్ అని రాసున్న పాత ఇనుప బిళ్ళ ఒకటి బిగించి ఉంది. లారీ ముందు భాగంలో ఉండేది. కుర్రాళ్ళు దాన్ని చూసి స్కైలైన్‌ది అనుకున్నారు. ఉస్తాద్ నవ్వారు. “మన జహీరాబాద్ బండిది” అన్నారు.

ఈ కిస్సా మన రాష్ట్రపు కార్ల తారీఖ్‌లో తప్పక ఉండాల్సింది, ఎక్కడా కనపడదు. 1942లో, అంటే విశాఖ మీద బాంబులు పడ్డ ఏడాదే, హైదరాబాద్‌లో నిజాం సర్కారు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లాదీన్ కంపెనీ కలిసి ఆల్విన్ కార్ఖానా పెట్టాయి. బస్సు బాడీల నుంచి ఇనుప బీరువాల దాకా చేసింది. తర్వాత ఫ్రిజ్‌లు చేసింది, జపాన్ సీకో కంపెనీ సాయంతో చేతి గడియారాలు చేసింది. మన ఇళ్ళలో పెళ్ళికొడుక్కి ఆల్విన్ వాచీ పెట్టిన రోజులు చాలామందికి యాదుంటాయి. 1980ల మధ్యలో అదే ఆల్విన్ నిస్సాన్‌తో చేయి కలిపి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ అనే చిన్న లారీ తయారు చేసింది. అప్పట్లో దేశంలో ఇలాంటి జోడీలు నాలుగు. పంజాబ్‌లో స్వరాజ్ మజ్దా, యూపీలో డీసీఎం టయోటా, మధ్యప్రదేశ్‌లో ఐషర్ మిత్సుబిషి, మన దగ్గర ఆల్విన్ నిస్సాన్.

నాలుగూ మంచి బండ్లే. కానీ వాటి నసీబ్ న్యూయార్క్‌లో ఒక హోటల్లో మారిపోయింది. 1985 సెప్టెంబరులో అయిదు పెద్ద దేశాలు ప్లాజా హోటల్లో కూర్చుని డాలరు విలువ తగ్గించడానికి ఒప్పుకున్నాయి. అప్పటిదాకా డాలరుకు 240 యెన్లు వచ్చేవి, రెండేళ్ళు తిరిగేసరికి 150 దగ్గరికి పడిపోయాయి. జపాన్ నుంచి తెచ్చుకునే ప్రతి విడిభాగం ఖరీదూ ఆ మేరకు మండిపోయింది. 1986లో టాటా కంపెనీ 407 దించింది. ఇక్కడే చేసినది, చవక, ఎక్కడ చెడినా బాగయ్యేది. ఆల్విన్ నిస్సాన్ ఆ దశాబ్దం ఆఖరుకి మహీంద్రా చేతికి పోయింది. తర్వాత ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కు పోయింది. నిజాం జమానాలో పుట్టిన ఆల్విన్ అలా ముక్కలైంది.

ఆ లారీ ఒక్కటైనా మా వరసలో నడవాలని కుర్రాళ్ళు చాలా వెతికారు. దొరకలేదు. బిళ్ళ ఒక్కటే మిగిలింది. “ఆ బండి కేబిను ముందుకి వంచితే ఇంజినంతా ఎదురుగా కనపడీది. వాననక ఎండనక బండి కింద పడుకుని చేసీవోళ్ళం మేం. నిలబడి పనిచేయడం ఆ బండి దగ్గరే నేర్చుకున్నాను” అన్నారు ఉస్తాద్. ఈ ఒక్క వాక్యం ఏ కంపెనీ నివేదికలోనూ ఉండదు. నిలబడి పనిచేయడం అంటే నడుముకి ఎంత సుకూనో బండి కింద పడుకున్నవాడికే తెలుస్తుంది.

విజయనగరం నుంచి నాతవలస దగ్గర పదహారో నంబరు హైవే ఎక్కాం. 2010 దాకా దాన్ని అయిదో నంబరు అనేవాళ్ళం, ఉస్తాద్ ఇప్పటికీ అలాగే అంటారు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల దీపాలు, రణస్థలం, ఎచ్చెర్ల. హౌరా చేపల మార్కెట్‌కి పోయే లారీలు నీళ్ళు కార్చుకుంటూ మమ్మల్ని దాటిపోతున్నాయి. మేం అరవైలోనే ఉన్నాం. ఓమ్నిలో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి చలిరాత్రి హాయిగా ఉంది. మే నెలలో ఆ సీట్లో కూర్చున్న డ్రైవర్ల హాల్ ఎలా ఉండేదో అడగక్కర్లేదు.

ఆ వేడి పక్కనే ఉస్తాద్ తన చదువు చెప్పారు. పన్నెండో ఏట షాగిర్ద్‌గా చేరారు. అప్పట్లో అంబాసిడర్లు, జీపులు, బెడ్‌ఫోర్డ్ లారీలు. బోల్టులు అంగుళాల లెక్క. దెబ్బ కొడితే కదిలే బండ్లు. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ మొదటి మారుతీ 800 తాళాలు ఇచ్చారు. మరుసటి ఏడాది వ్యాను, ఆ తర్వాత జిప్సీ. మా జిల్లాలకు వచ్చేసరికి ఇంకొంత ఆలస్యం. మొదటి మారుతీ ఆయన షెడ్డుకి వచ్చినప్పుడు ఒక్క స్పానరూ పట్టలేదట. పది, పన్నెండు, పద్నాలుగు మిల్లీమీటర్ల బోల్టులు. విశాఖ వెళ్ళి కొత్త సెట్టు కొనుక్కున్నారు. మర చుట్టల తలకాయ మీద ప్లస్ గుర్తు చూసి మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ పెడితే అది జారి తల అరిగిపోయేది. జపానోళ్ళ ప్లస్ గాడి కొలత వేరని ఆయనకు ఎవరూ చెప్పలేదు. స్క్రూడ్రైవర్ మొన సానపట్టి తనే సరిచేసుకున్నారు. ఆ స్క్రూడ్రైవర్ ఇంకా ఉంది.

“అంబాసిడర్ హెడ్డు ఇనుము. ఏడెక్కినా ఓర్చుకునీది. దీనిది అల్యూమినియం. నీళ్ళు లేకుండా నాలుగు మైళ్ళు తోలితే వంగిపోతాది. టైమింగ్ బెల్టు రబ్బరుది. తెగేదాకా ఏటీ చెప్పదు. ఓనర్లకి ఈ ముక్క చెప్తే సాయిబు డబ్బుల కోసం భయపెడతన్నాడనీవోరు” అన్నారు. ముందు చక్రాలతో నడిచే కారు మలుపులో టకటకమంటే ఇరుసు మీది రబ్బరు తొడుగు చిరిగి లోపలికి ఇసుక పోయిందని అర్థం. ఇవన్నీ ఆయన చెవితో నేర్చుకున్నారు. ఇంగ్లీషు మాన్యువల్ చదవలేరు, ఆ రోజుల్లో అది దొరికేదీ కాదు. కాబట్టి జపాన్ ఇంజినీర్లు కాగితం మీద రాసింది సిక్కోలు, విజయనగరం మెకానిక్కులు చప్పుళ్ళలోంచి తర్జుమా చేసుకున్నారు. ఆ తర్జుమాలో తప్పు పడితే ఒక ఇంజిన్ పోయేది, ఒక డ్రైవరు కిరాయి పోయేది.

ఇక్కడ షౌక్, రోజ్‌గార్ అనే రెండు మాటల మధ్య ఉన్న గీత గురించి చెప్పాలి. శ్రీకాకుళంలో నాగావళి దాటి, నరసన్నపేట, టెక్కలి మీదుగా పోతూ ఒక ఢాబా దగ్గర టీకి ఆగాం. ఒక జిప్సీ కుర్రాడు సైలెన్సర్ మార్పించి పెట్టాడు. స్టార్టు చేస్తే ఢాబా వెనక కుక్కలన్నీ లేచాయి. ఉస్తాద్ టీ గ్లాసు పక్కన పెట్టారు.

“ఏటి నాయినా అది?”

“టోక్యోలో అలగే ఉంటాయి బాబాయ్ గారూ. సౌండే అందం.”

“రేతిరి ఊరు పక్కనుంచి ఎల్తే ఎల్లినట్టు తెలవకూడదు. అంత నున్నగా తిరగాల ఇంజిను. నాను అదే చేసీవోడ్ని ముప్పై ఏళ్ళు. నువ్వు డబ్బెట్టి పాడు చేయించీసినావు.”

కుర్రాడు మాట్లాడలేదు. అతని తరఫున నేను ఒక మాట అన్నాను. షౌక్ లేకపోతే ఈ పిల్లలు మీ దగ్గరికే రారు కదా ఉస్తాద్, అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. ఆయనకూ ఉంది షౌక్. కాంటెస్సాలోని ఇసుజు ఇంజిన్ స్టార్టు చేసినప్పుడల్లా బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకోవడం నేను చూశాను.

జపాన్‌లో కూడా ఈ గీత అంత సీదాగా ఏమీ లేదు. కొండదారుల రేసుల షౌక్‌ని ప్రపంచమంతా పాకించినది ఇనిషియల్ డి అనే బొమ్మల కథ. 1995లో మొదలైంది. అందులో కుర్రాడు పాత టయోటా తోలుతాడు. రేసు కోసం తోలడు. వాళ్ళ నాన్న టోఫు దుకాణం నుంచి తెల్లవారక ముందే కొండ మీది హోటల్‌కి సరుకు చేర్చాలి. సోయా గింజల జున్ను లాంటిది టోఫు, కుదిపితే చెదిరిపోతుంది. ఏళ్ళ తరబడి రోజూ అదే పని చేసి చేసి బండి మీద అంత పట్టు వస్తుంది. అంటే వాళ్ళ షౌక్ దాస్తాన్‌కి కూడా పునాది రోజ్‌గారే. ఈ మాట చెప్తే కుర్రాళ్ళకంటే ఉస్తాద్ ఎక్కువ సంతోషపడ్డారు. “అయితే ఆ పిల్లోడు మనోడే” అన్నారు.

ఆఖరి పెద్ద మజిలీ పలాస దాటాక. జీడితోటల మధ్య రోడ్డు వార ఆపించారు. అప్పటికి రెండున్నర అయింది. ఇంజిన్లు, లైట్లు కట్టేయమన్నారు. ఏడు బండ్లూ చీకట్లో నిలబడ్డాయి.

ఇది ఉద్దానం. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం. కొబ్బరి, జీడి, పనస. పచ్చని నేల. ఈ నేల మీద వేలమందికి కిడ్నీలు పాడయ్యాయి. షుగరు, బీపీ లేని కష్టజీవులకు కూడా వచ్చింది. ఎన్నో పరిశోధనలు జరిగినా ఇదీ అసలు కారణం అని ఇప్పటికీ తేలలేదు. డయాలిసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు. ఇక్కడ ఆ సదుపాయం లేని రోజుల్లో విశాఖ పోవాలి. రెండువందల కిలోమీటర్లు. పొద్దున్న కేజీహెచ్‌లో వరసలో ఉండాలంటే రాత్రి ఒంటిగంటకో రెండింటికో బయలుదేరాలి. బస్సులో కూర్చోలేని మనిషిని ఎలా తీసుకెళ్తారు? నలుగురు అయిదుగురు రోగులు కలిసి ఒక వ్యాను కిరాయికి మాట్లాడుకునేవాళ్ళు. వెనక సీటు తీసేసి పరుపు వేసేవాళ్ళు. ఆ వ్యాను చాలాసార్లు ఓమ్ని. 796 సీసీ, మూడు సిలిండర్ల జపాన్ ఇంజిన్.

ఆ బండ్లలో ఎన్నో ఉస్తాద్ చేతిమీదుగా వెళ్ళినవే. హైవే మీద ఎక్కడ ఆగిపోయినా కబురు వచ్చేది. మొదట్లో టెలిఫోన్ బూతు నుంచి, తర్వాత సెల్‌ఫోన్ మీద. స్కూటర్ మీద సంచి వేసుకుని రాత్రికి రాత్రి వెళ్ళేవారు. “లోపల మనిషి మూలుగుతుంటాడు. నాను బానెట్టు కోసం ఎతకను, సీటెత్తాల. సీటెత్తాలంటే ముందు కూకున్న వాళ్ళావిడిని దింపాల. దిగమని చెప్పడానికి నోరొచ్చీది కాదు” అన్నారు.

ఎవరూ మాట్లాడలేదు. వ్యాను ఇంజిన్ చల్లారుతూ చిన్నగా టిక్ టిక్ మంటోంది. నున్నగా, చప్పుడు కాకుండా తిరగాలి అని ఆయన ఎందుకన్నారో జిప్సీ కుర్రాడికి అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఇచ్ఛాపురం దాకా అతను బండిని గేరు మార్చి మార్చి, వీలైనంత చప్పుడు రాకుండా తోలాడు.

తర్వాత కాలంలో పలాస, సోంపేట లాంటి చోట్ల డయాలిసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో రెండువందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. మొదటి మారుతీ తాళాలు చేతులు మారిన రోజుకి సరిగ్గా నలభై ఏళ్ళు. ఇది ఉత్త ఇత్తెఫాక్, నాకు తెలుసు. కానీ మా జిల్లాల్లో జపాన్ బండి ఉమర్ రాయాలంటే ఈ రెండు తారీఖుల మధ్య రాయొచ్చు. మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగింది, ఓమ్ని 2019లో. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ తిరిగి చేయించుకునే రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 అయింది. ఒక్కొక్కటీ తుక్కుకి పోతున్నాయి. పొగ తగ్గాలి, ప్రమాదాలు తగ్గాలి, దాంతో నాకు తగాదా లేదు. కొత్త బండికి ఏం జబ్బో కంప్యూటర్ పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఉస్తాద్ చెవికి పని లేదు. ఆయన షెడ్డులో ఆరేళ్ళుగా షాగిర్ద్ లేడు.

టోక్యో షౌకీన్ల తారీఖ్‌కి కాతిబులు చాలామంది ఉన్నారు. పత్రికలున్నాయి, బొమ్మల కథలున్నాయి, సినిమాలున్నాయి, ఇప్పుడు టికెట్టు కొని చూసే సైర్లున్నాయి. మన దగ్గర అవే ఇంజిన్లు రోగుల్ని మోశాయి, పెళ్ళికూతుళ్ళను మోశాయి, జీడిపప్పు డబ్బాలు మోశాయి. వాటిని నడిపిన డ్రైవర్లకు, బతికించిన మెకానిక్కులకు కాతిబ్ లేడు. వీళ్ళలో చాలామంది మన మొహల్లాల వాళ్ళు, చదువు మధ్యలో మానేసి నల్ల చేతులతో ఇల్లు నడిపినవాళ్ళు. మన పెద్దల గురించి రాసుకునేటప్పుడు నవాబులనూ షాయర్లనూ తలుచుకుంటాం. స్పానర్ పట్టిన చెయ్యిని తలుచుకోం.

ఇచ్ఛాపురంలో బాహుదా వంతెన దగ్గర ఫజర్ అజాన్ వినబడింది. నమాజు అయ్యాక ఉస్తాద్ తన సంచిలోంచి గుడ్డ అట్టల నోటుపుస్తకం ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. ఇలాంటివి తొమ్మిది ఉన్నాయట. 1986 నుంచి ఆయన చేసిన ప్రతి మరమ్మతూ ఉర్దూలో రాసి ఉంది. తారీఖు, బండి నంబరు, ఊరు, చెడింది ఏమిటి, వేసింది ఏమిటి, తీసుకున్న రూపాయలు. కొన్ని వరసల చివర రూపాయలు ఉండాల్సిన చోట ఒకే అక్షరం ఉంది. మీమ్. అదేమిటని అడిగాను. ముఫ్త్, అన్నారు. ఆసుపత్రి బండ్ల దగ్గర తీసుకోలేదు.

ఇంట్లో ఆ లిపి చదివేవాళ్ళు ఎవరూ లేరు. కొడుకులు రెండుసార్లు రద్దీవాడికి వేయబోతే అడ్డం పడ్డారట. తెలుగులో తారీఖు అంటే తేదీ, ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర. ఆ పుస్తకాల్లో రెండూ ఒకే వరసలో ఉన్నాయి. నేను తెలుగులోకి ఎక్కిస్తున్నాను. ఇప్పటికి రెండు పుస్తకాలు పూర్తయ్యాయి. ఒక్క 1994లోనే కవిటి, సోంపేట, కంచిలి ఊళ్ళ పేర్ల ఎదురుగా మీమ్ పదిహేడు సార్లు ఉంది.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి షెడ్డు ఒకటి ఉండే ఉంటుంది. మేస్త్రీ ఇంకా ఉంటే వెళ్ళి ఒక గంట కూర్చోండి. అమ్మేసిన మీ నాన్నగారి బండి నంబరు చెప్పి చూడండి. ఆయనకు యాదుంటుంది.